మా మిద్దె మీది గాలి మిషన్‌కు కప్పిన తడిచీర

బోధన్,
తేది: 12-10-2025, ఆదివారము.

గాలి కొలతల విభాగపు అధికారి గారి సముఖమునకు,
నిజామాబాద్.

అయ్యా,

విషయం: బోధన్ పాత తూకం గల్లీలోని గాలి కొలత కేంద్రము – జూన్ 2023 నుండి 5 సెప్టెంబర్ 2025 వరకు నమోదైన అంకెలు నిజమైనవి కానందున వాటిని రద్దు చేయుట గురించి – ఆ అంకెలను ఆధారముగా చేసుకొని మిల్లు రెండవ బాయిలరుకు అనుమతి ఇవ్వకుండుట గురించి.

సూచిక: (1) మా నాన్న పేరిట సమర్పించిన అర్జీ, తేది 20-01-2025. (2) దానికి తమ కార్యాలయపు జవాబు, తేది 03-03-2025.

నేను, గైని సుష్మ, తండ్రి ఆశన్న, వయస్సు 19 సంవత్సరములు, బోధన్‌లో డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నాను. పై సూచికలోని మొదటి అర్జీ కూడా నేను రాసినదే. అందులో ఐదు వాక్యాలు ఉండెను. ఈసారి పొడవుగా రాయుచున్నాను. పొడవుగా రాస్తే తమరు చదవరేమోనని ఒక భయము, రాయకపోతే తమరికి అర్థం కాదేమోనని ఇంకొక భయము. రెండవ భయమే పెద్దది గనుక వివరములన్నీ కింద విన్నవించుకొనుచున్నాను.

1. మా ఇల్లు పాత తూకం గల్లీలో ఉన్నది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరకు బండ్లను ఇక్కడ కాటా మీద ఎక్కించేవారు కనుక గల్లీకి ఆ పేరు. ఇప్పుడు బండ్లు లేవు, కాటా లేదు. మా వెనుక గోడకు నూట యాభై అడుగుల దూరంలో ఉప్పుడు బియ్యం మిల్లు ఉన్నది. వడ్లు ఉడికించడానికి బాయిలరులో ఊక కాలుస్తారు. ఊక బూడిద గొట్టం నుండి పైకి పోయి మా గల్లీ మీద దిగుతుంది. గొట్టంలో బూడిదను పట్టి ఆపే యంత్రం ఒకటి బిగించి ఉన్నది. అది మంచి యంత్రమే. తనిఖీ ఉన్న దినమున దానిని నడుపుతారు. మిగతా దినములలో కరెంటు ఎక్కువ తింటుందని ఆపివేస్తారు. ఈ సంగతి నాకు ఎట్లా తెలుసునంటే, పని మానేవరకు దాని స్విచ్ వేసినదీ ఆపినదీ మా నాన్నే.

2. మా నాన్న ఆ మిల్లులో పదేళ్లు బాయిలర్ పొయ్యికి ఊక అందించే పని చేశాడు. రెండేళ్ల కింద దగ్గు మొదలయింది. నిజామాబాద్‌లో డాక్టరుగారు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఊపిరితిత్తులు సగానికి పైగా గట్టిపడినాయని చెప్పారు. పని మానాలన్నారు, పొగ లేని చోట ఉండాలన్నారు. పని ఈ ఏడు ఫిబ్రవరిలో మాన్పించాము. పొగ లేని చోటు కోసం ధర్పల్లిలో మా చిన్నమ్మ తారాబాయి ఇంట్లో నెల దినములు ఉంచాము. అక్కడ ఆయన వెల్లకిలా పడుకొని నిద్రపోయాడు. తమరికి ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. మా ఇంట్లో ఆయన పడుకోలేడు. గోడకు రెండు మెత్తలు పెట్టుకొని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్లు మూస్తాడు. చిన్నమ్మది రెండు గదుల ఇల్లు, వాళ్లు ఆరుగురు. ఎన్ని దినములని ఉంటాడు? తిరిగి వచ్చిన మూడవనాటికి మళ్లీ గోడ, మళ్లీ మెత్తలు. డాక్టరుగారు కిందటి నెల చివరిసారి చూసి నాతో అన్న మాట ఇది: "ఈ చలికాలం ఆయనకు మంచి గాలి దొరికితే చాలమ్మా, వచ్చే ఏడాది సంగతి తర్వాత చూద్దాం." రెండవ బాయిలరు నవంబరులో, కొత్త వడ్లు వచ్చేనాటికి ముట్టిస్తారని మిల్లులో చెప్పుకొంటున్నారు. చలికాలము కూడా అప్పుడే మొదలగును.

3. జనవరిలో మేము అర్జీ ఇచ్చినది బూడిద యంత్రమును రోజూ నడిపించమని మాత్రమే. దానికి తమ కార్యాలయము నుండి వచ్చిన జవాబు నాకు కంఠస్థము. "సదరు ప్రాంతమునందలి గాలి నిర్ణీత పరిమితికి లోబడి యున్నది. కాలుష్య ధోరణి తగ్గుముఖముగా నున్నది. కావున అర్జీ ముగించడమైనది." నాన్న నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"తగ్గుముఖం అంటే ఏందిరా బిడ్డా?"

"తగ్గుతున్నదని, బాపు."

"ఏం తగ్గుతున్నది?"

"పొగ."

నాన్న కిటికీలో నుండి గొట్టం వైపు చాలాసేపు చూశాడు. "అయితే నాకే ఎక్కువ కనవడుతున్నట్టుంది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "సర్కారోళ్లు మిషన్ పెట్టి కొలిచి చెప్తుండ్రు గద. వాళ్లకేం పని అబద్ధం చెప్పడానికి? గాలి మంచిగనే ఉన్నది. నా పెయ్యిలనే ఏదో ఖరాబున్నది" అన్నాడు. ఆనాటి నుండి ఆయన గాలి గురించి ఒక్క మాట అనలేదు. దగ్గు వస్తే మాకు వినబడకుండా తువాల నోట్లో కుక్కుకునేవాడు, తప్పు చేసినవాడిలాగ. అయ్యా, అర్జీ ముగించినందుకు నాకు బాధ లేదు. ఆ జవాబు విని మా నాన్న, లోపము తన ఒంట్లోనే ఉన్నదని, తన జబ్బుకు తానే దోషి అనుకున్నాడు. ఇది నా ఫిర్యాదులన్నింటిలో పెద్దది. దీనికి ఏ నిబంధన కింద పరిహారము ఉన్నదో నాకు తెలియదు.

4. ఆగస్టులో మా రాజేశ్వర్ సార్ మా తరగతికి ప్రాజెక్టులు పంచారు. నాకు వచ్చినది: 'దేశ పారిశ్రామిక రంగము నుండి వెలువడు వాయు కాలుష్యము – ధోరణులు'. ధోరణి అనే మాట నాకు అప్పటికే తమ జవాబులో పరిచయము. దానిని తిరిగి చూస్తే, పగవాడి ఇంటి పిల్లను బడిలో పక్క బెంచీ మీద చూసినట్టు అనిపించింది. అయినా పని శ్రద్ధగా చేశాను. పదేళ్ల పట్టికలు దింపుకున్నాను. సిమెంటు, ఉక్కు, చక్కెర, బియ్యం మిల్లులు, ఇటుక బట్టీలు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు పెన్నుతో గీతలు గీశాను. కొన్ని గీతలు పైకి, కొన్ని కిందికి. కిందికి దిగిన గీతను చూస్తే నాకు సంతోషమయ్యేది. ఎక్కడో ఎవరి నాన్నో వెల్లకిలా పడుకున్నాడనుకునేదాన్ని.

జిల్లాల పట్టికకు వచ్చేసరికి బోధన్ కేంద్రము కనబడింది. గాలిలోని ధూళి రోజుకు వంద దాటరాదన్నచోట యాభై ఎనిమిది, అరవై ఒకటి, యాభై ఐదు. రెండేళ్లు వరుసగా అట్లే. ఆ వరుసలోనే కేంద్రము ఉన్న చోటు రాసి ఉన్నది: "నివాస గృహపు పైకప్పు, పాత తూకం గల్లీ."

మా గల్లీలో మిద్దె మీద సర్కారు మిషన్ ఉన్న ఇల్లు ఒక్కటే. అది మాది.

5. మిషన్ మా మిద్దె మీద ఉన్నదని నాకు తెలియదని కాదు. రెండేళ్ల నుండి దాని పక్కనే కూర్చొని చదువుకుంటున్నాను. జూన్ 2023లో దానిని తెచ్చి పెట్టినప్పుడు, వాన లెక్క కోసమని ఎవరో అన్నారు, మేము నమ్మాము. రేకు డబ్బా, పైన చిన్న ఇంటి కప్పులాంటి మూత, లోపల తెల్లటి కాగితము. వారానికి రెండుసార్లు, మంగళవారము, శుక్రవారము, పది గంటలకు తమ కార్యాలయము పంపే మహేష్ అన్న మోటారు సైకిలు మీద వస్తాడు. కొత్త కాగితము పెట్టి నడిపించి పోతాడు. మరునాడు పదింటికి వచ్చి దానిని కవరులో వేసుకొని పోతాడు. మా అవ్వ చేతి చాయ్ తాగకుండా ఏనాడూ పోలేదు. ఆ కాగితము బరువులో నుండి తమ అంకె వస్తుందని నేను ప్రాజెక్టు కోసం చదివితేనే తెలిసింది.

తెలిసిన తరువాత నాకు లెక్క కుదరలేదు. నేను అంకెలు రాసుకున్న నోటుబుక్కు మీదనే బూడిద పడుతున్నది. ఊదితే లేచిపోతున్నది. ఊదిన చోట యాభై ఎనిమిది అని ఉన్నది.

6. ఆగస్టు 29, శుక్రవారము నేను కాలేజీ మాని మిద్దె మీద కూర్చున్నాను. పదింటికి మహేష్ అన్న వచ్చి, కాగితము పెట్టి, మిషన్ నడిపించి, చాయ్ తాగి పోయాడు. ఆయన బండి చప్పుడు గల్లీ మలుపు దాటగానే మా అవ్వ బకెట్ పట్టుకొని మెట్లెక్కి వచ్చింది. అవ్వ అనగా మా నాన్న తల్లి. బకెట్‌లో నుండి పాత నూలుచీర తీసింది, పిండింది, రెండుసార్లు దులిపింది. మిషన్ మూత మీద నుండి నాలుగు పక్కలా జారేటట్టు కప్పి, కొసలకు ఇటుక ముక్కలు కట్టింది. ఆ చీరను దాని మీద ఇదివరకు ఎన్నోసార్లు చూసినా, ఆరేసిందనుకున్నాను.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?"

"కనవడ్తలేదా? కప్పుతున్న."

"ఎందుకు?"

"ఎందుకేంది? బూడిద పడ్తది గద. నీ కాయిదాలు గూడ లోపట పెట్టుకో."

"ఎప్పటి సంది కప్పుతున్నవ్?"

"అది వచ్చినప్పటి సంది. ఆ పిలగాడు మొదటి దినమే చెప్పి పోయిండు, అవ్వా, మిషన్ పైలం అని. మంది సొమ్ము. రేపు ఖరాబైతే మనల్ని అడుగరా?"

"మరి మహేష్ అన్న వచ్చినప్పుడు ఏనాడూ కప్పి లేదు గద?"

"ఆయన వచ్చే యాళ్లకు తీసి పిండి ఆరేస్త. ఇంటికొచ్చినోళ్లకు మాసిన చీర సూపెడ్తనా?" అని, మిషన్ పక్కను అరచేతితో తుడిచి చూపింది. "సూడు ఎట్లున్నదో, అద్దం లెక్క. ఆ పిలగాడే అన్నడు, అవ్వా, నీ మిషన్ లెక్క సాఫున్న మిషన్ నేను ఏ ఊర్ల సూడలే అని."

అయ్యా, దయచేసి దీనిని మోసముగా భావించవద్దు. మా గల్లీ ఆడవాళ్లకు ఇది నలభై ఏళ్ల పద్ధతి. చెరకు పిప్పి కాలిన కాలము నుండి, బయట ఏది పెట్టినా తడిచీర కప్పుతారు. మంచినీళ్ల బిందె మీద, పెరుగు కుండ మీద, అన్నం గిన్నె మీద. పొడి గుడ్డ అయితే మసి జారి లోపలికి పోతుంది, తడి గుడ్డ అయితే పట్టుకుంటుంది. మా నాన్నను ఊయలలో వేసి చెరకు కోతకు పోయినప్పుడు, అవ్వ ఆ ఊయల మీద కూడా తడిచీర కట్టి పోయేదట. ఆరకుండా చూసి మళ్లీ తడపమని పక్కింటి ముసలమ్మకు చెప్పి పోయేదట. ఆ చెయ్యే ఈ మిషన్‌ను కప్పింది. సర్కారు తన ఇంట్లో దాచమని ఇచ్చిన వస్తువు అనుకున్నది. దాచడము ఆమెకు తెలిసిన విధము అదే.

కావున తమ మిషన్ రెండేళ్ల పాటు కొలిచినది మా గల్లీ గాలిని కాదు, మా అవ్వ చీర వడకట్టిన గాలిని. మా గల్లీ మొత్తములో మంచి గాలి పీల్చినది ఆ మిషన్ ఒక్కటే.

7. ఈ సంగతి మొదట నాన్నకు చెప్పాను. ఆయన ముందు నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు తగ్గేవరకు ఇద్దరం ఆగాము. తరువాత, "అయితే నా పెయ్యిల కాదన్నట్టు" అన్నాడు. "గాలిలనే ఉన్నట్టు."

"అవును బాపు."

"నేను ఉట్టిగనే నన్ను తిట్టుకున్న గద" అన్నాడు. ఆ దినము ఆయన తువాల నోట్లో పెట్టుకోకుండా దగ్గాడు. తరువాత నా చెయ్యి పట్టుకొని ఒక మాట తీసుకున్నాడు. "అవ్వకు చెప్పకు. నా కొడుకును నేనే ఇట్ల జేస్తి అనుకుంటది. బూడిద మిషన్ స్విచ్ బంద్ జేసింది నేను. ఎవడో చెప్పిండని చేసిన. ఆమె గూడ ఎవడో చెప్పిండనే కప్పింది. ఇద్దరం ఒక్కతీరే."

నేను సరేనన్నాను. సెప్టెంబర్ 8న అవ్వతో అబద్ధమాడాను. మిషన్‌కు కొత్త పార్టు వేసిండ్రంట, ఇంక కప్పొద్దని చెప్పిండ్రు అన్నాను. అవ్వకు నచ్చలేదు. "ఉట్టిగ ఇడిచిపెట్టుమంటరా? పానమెట్ల ఒప్పుతది?" అన్నది. అయినా సర్కారు మాట గనుక విన్నది. ఇంకొక పాత చీర మాత్రము మడిచి మెట్ల కింద పెట్టుకున్నది, ఎప్పుడు కప్పుమంటే అప్పుడు కప్పడానికి. దసరా నాడు మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, దాని మీది బూడిదను కొంగుతో తుడుస్తూ, "ఏమనుకోకు, నాకు ఒద్దన్నరు" అని దానితో చెప్పడము నేను విన్నాను.

8. చీర తీసిన తరువాత వచ్చిన అంకెలు: సెప్టెంబర్ 9న రెండు వందల పన్నెండు. 12న రెండు వందల ముప్పై ఎనిమిది. 16న నూట తొంభై ఏడు. మొదటి కాగితము బయటికి తీసినప్పుడు మహేష్ అన్న దానిని వెలుతురుకు అటు ఇటు తిప్పి చూశాడు. రెండేళ్లుగా పాలమీగడ రంగులో వచ్చిన కాగితము, పలక తుడిచిన గుడ్డలాగ ఉన్నది. "చెల్లె, ఇదేంది?" అన్నాడు. నేను అప్పుడు చెప్పలేదు. మూడు అంకెలూ చేరాక తమ కార్యాలయమే గుర్తిస్తుందని, వచ్చి చూస్తుందని అనుకున్నాను. నిజం బయటపడడానికి నిజమే చాలుననుకున్నాను.

సెప్టెంబర్ 22న తమ కార్యాలయము ఇచ్చిన ఉత్తరువును మహేష్ అన్న ఫోనులో చూపించాడు. "సదరు మూడు కొలతలు గత రెండు సంవత్సరముల ధోరణితో పొసగనందున యంత్రలోపముగా పరిగణించి తొలగించడమైనది. యంత్రమును నిలిపివేసి మరమ్మతుకు తరలించవలెను."

అప్పుడు చీర సంగతి మహేష్ అన్నకు చెప్పాను. ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. "అంటే రెండేండ్ల సంది నేను దుమ్ము ఇక్కడ్నే ఇడిచిపెట్టి, ఉట్టి కాయిదం మోస్తున్ననా?" అన్నాడు. అదే దినము పైవారికి ఫోన్ చేసి చెప్పాడు. చీర గీర అని ఫోన్లో చెప్పకు, రాతపూర్వకముగా ఎవరైనా ఇస్తే చూద్దామన్నారట. "నువ్వు రాయి చెల్లె. నా పేరు రాయకుంటే మంచిది" అన్నాడు. ఆయన పేరు లేకుండా ఈ సంగతి చెప్పడము నాకు చేతకాలేదు. ఆయన తప్పు ఇందులో లేదు. ఆయన వచ్చిన ప్రతిసారి మిషన్ శుభ్రముగానే కనబడింది. తన పని శుభ్రముగా ఉన్నదని సంతోషపడడము నేరమయితే, ఆ నేరము నేను కూడా నా గ్రాఫు గీసినప్పుడు చేశాను.

9. మిల్లు రెండవ బాయిలరు మీద విచారణ ఈ నెల 24న ఉన్నది. ఆ దినము బల్ల మీద పెట్టబోయే కాగితములలో మా మిద్దె రెండేళ్ల సగటు ఉన్నదని, అది యాభై తొమ్మిది అని తెలిసింది. యాభై తొమ్మిది చూసిన ఎవరైనా అనుమతి ఇస్తారు. నేనయినా ఇస్తాను. కావున తమరిని వేడుకొనునది:

(అ) పై రెండేళ్ల అంకెలను రద్దు చేయవలెను.

(ఆ) తొలగించిన మూడు అంకెలను తిరిగి చేర్చవలెను. మిషన్‌కు జబ్బు లేదు. దానిని మరమ్మతుకు తీసుకొని పోరాదు. రేపు సోమవారము తీసుకొని పోతారని తెలిసినందుననే ఈ అర్జీ ఇంత తొందరగా రాయుచున్నాను.

(ఇ) మిషన్‌ను చీర లేకుండా కనీసము ఒక నెల నడిపించి, ఆ అంకెలు వచ్చినాకనే విచారణ జరపవలెను.

(ఈ) మిల్లు మూయమని నేను కోరుటలేదు. మా గల్లీలో అరవై రెండు ఇండ్ల వారికి అందులోనే పని. బూడిద యంత్రమును రోజూ నడిపించమని మాత్రమే కోరుచున్నాను. జనవరిలో కూడా ఇంతే కోరితిమి.

(ఉ) ఉత్తరువులో మా అవ్వ పేరు రాయవద్దు. "యంత్రముపై వస్త్రము కప్పబడి యుండెను" అని రాస్తే చాలును. సర్కారు భాషలో ఎవరు చేసిరో చెప్పకుండ జరిగినది చెప్పే వీలున్నది. ఇన్నాళ్లూ ఆ భాష నాకు గోడలాగ కనబడేది. ఈ ఒక్కచోట అది మా అవ్వను కాపాడుతుందనుకున్నాను.

ప్రాజెక్టు రేపు ఇవ్వవలసి ఉన్నది. దేశపు గ్రాఫు గీసి ఉన్నది. అందులో కిందికి దిగిన గీతలు ఎన్నో ఉన్నవి. అవన్నీ అబద్ధమని నేను అనను. నిజమే కావాలని కోరుకుంటాను. కానీ బోధన్ చుక్క దగ్గర పెన్ను ఆగిపోయింది. అక్కడ ఏ అంకె పెట్టాలో తమ ఉత్తరువు వచ్చినాకనే తెలియును. రాజేశ్వర్ సారును అడిగితే, ఖాళీగా ఉంచి కింద కారణము రాయమన్నారు. కారణము రాయబోతే అది ఈ అర్జీ అయినది.

ఇట్టి విన్నపమును, తీరిక లేకపోయినను, చివరివరకు చిత్తగించవలెను. గాలి సంగతి గనుక ఆలస్యము చేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గైని సుష్మ.

జతపరచినవి: డాక్టరుగారి చీటీ నకలు. తమ జవాబు నకలు. సెప్టెంబర్ 5న మిషన్‌కు కప్పిన చీర, ఉతకనిది, ప్లాస్టిక్ సంచిలో (అవ్వకు తెలియకుండా తీసిపెట్టినది. దయచేసి సంచిని గదిలో విప్పవద్దు, బయట విప్పవలెను).

తా.క.: సోమవారము ఉదయము ఎనిమిది గంటలు. శుద్ధప్రతి రాయడానికి వ్యవధి లేక ఈ కాగితము మీదనే రాయుచున్నాను. క్షమించవలెను.

నిన్న సాయంత్రము ఈ అర్జీని నాన్నకు చదివి వినిపించాను. తలుపు అవతల అవ్వ బియ్యము ఏరుతూ కూర్చున్న సంగతి ఇద్దరమూ చూసుకోలేదు. అంతా విన్నది. లేచి అన్నము వండింది. నాన్నకు ముద్దలు కలిపి తినిపించింది. ఆయన చిన్నపిల్లవాడిలాగ నోరు తెరిచి తిన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖము ఒకరు చూసుకోలేదు.

ఇందాక మహేష్ అన్న ఆటో తీసుకొని వచ్చాడు. అవ్వ మిద్దె మెట్ల మీద, మూడవ మెట్టు మీద కూర్చొని ఉన్నది.

"జర జరుగు అవ్వా, మిషన్ రిపేరుకు తీస్కపోవాలె."

"దానికేమైంది?"

"ఖరాబైంది అంటుండ్రు."

"నేను కప్పినన్ని దినాలు మంచిగున్నది. కప్పుడు బంద్ జేస్తె ఖరాబైందా?"

మహేష్ అన్న నేల చూశాడు. "నా చేతుల ఏమున్నది అవ్వా. సారు చెప్పిండు."

"నాకు గూడ నువ్వు చెప్పినవ్, పైలంగ సూడుమని. నేను సూసిన" అన్నది అవ్వ. కోపముగా అనలేదు. "నీది తప్పని అంటలేను బిడ్డా. మీ సారును రమ్మను. వచ్చి నా కొడుకు పక్కన ఒక్క పూట కూసోని పొమ్మను. కూసున్నంక గూడ మిషనే ఖరాబైందంటే, నేనే ఎత్తి ఆటోల పెడ్త."

తరువాత నా వైపు తిరిగింది. "నా పేరు దాపెడ్తున్నవంట కాయిదంల."

"నీకు బాధైతదని అవ్వా."

"బాధ అయింది. అయితే ఏంది? ఎవలు కప్పిండ్రో చెప్పకుంటే, కప్పిండ్రని ఎవలు నమ్ముతరు? సార్లు అడుగరా? రాయి."

కావున పైన 9 (ఉ) లో కోరినది నేను వెనుకకు తీసుకొనుచున్నాను. దయచేసి ఉత్తరువులో ఈ విధముగా రాయవలెను: యంత్రముపై చీర కప్పినది గైని భూమవ్వ, భర్త కీర్తిశేషులు లింబయ్య, వయస్సు డెబ్బై రెండు సంవత్సరములు, నివాసము పాత తూకం గల్లీ, బోధన్. అడిగిన యెడల ఆమెయే స్వయముగా చెప్పును. తమరు వచ్చేవరకు మెట్టు మీద నుండి లేవనని అన్నది. ఆటో అతడు ఇంజను ఆపి చాయ్ తాగుచున్నాడు. నేను నిజామాబాద్ బస్సు ఎక్కుచున్నాను.